లారీని కడిగిన నీళ్ళు

కొఠార్లపాలెం,
చినగంజాం పోస్టు.
2 జూలై 1986

అన్నయ్యకు చెల్లెలు ప్రేమమణి వందనాలు.

దేవుని దయవల్ల ఇక్కడ మనుషులం బాగానే ఉన్నాం. బాగా లేనిది లారీ. అందుకే ఈ ఉత్తరం. పండక్కి రాయనిదానివి ఇప్పుడు గుర్తొచ్చానా అని నువ్వు అంటావని తెలుసు. అను, కానీ చివరిదాకా చదువు.

రెండేళ్ళ కిందట మీ బావకు చూపు తగ్గి స్టీరింగు వదిలేసినప్పటి నుంచీ బండి నడిపేది మా మరిది యెషయా. పొగాకు లోడ్లు దొరకడం లేదని అప్పటి నుంచే ఉప్పు ఎత్తుతున్నాం. కొఠార్ల మడుల్లోంచి ఉప్పు తడిగానే వస్తుంది. గుంటూరు చేరేలోపు తొట్టి పలకల సందుల్లోంచి నీరు కారుతూనే ఉంటుంది. మొన్న యెషయా కింద దూరి ఛాసిస్‌ని వేలితో గీకితే అప్పడం ముక్కల్లా రాలింది. నాకు చూపించడానికి దోసిట్లో పట్టుకొచ్చాడు.

పోయినేడు ఒంగోలులో బ్రేక్ ఇన్‌స్పెక్టరు చిన్న సుత్తితో కొట్టి చూసి, "ఈసారికి ఫిట్‌నెస్ ఇస్తున్నానమ్మా. వచ్చే నవంబరుకి ఇలాగే ఉంటే బండి రోడ్డెక్కదు" అన్నాడు. ఆ మాట నా తలలోంచి పోవడం లేదు. ఆ లారీ మీద మా ఇల్లూ యెషయా ఇల్లూ రెండూ బతుకుతున్నాయి. బండి ఆగితే రెండిళ్ళలోనూ పొయ్యి ఆగుతుంది.

నువ్వు పాతికేళ్ళుగా లారీలు బాగుచేస్తూ వాటి కిందే పడుకుంటున్నావు. ఏం చెయ్యాలో రాయి. వదినను అడిగానని చెప్పు.

నీ చెల్లెలు
ప్రేమమణి


రాంగోపాల్‌పేట్,
సికింద్రాబాదు.
10 జూలై 1986

ప్రేమమణికి,

ఉత్తరం అందింది. పండగ మాట ఎత్తను, నువ్వే ఎత్తావు కాబట్టి.

ఉప్పు ఎత్తడం మొదలెట్టినప్పుడే నాకు రాయాల్సింది. రెండేళ్ళు ఊరుకుని రాలిపోయాక రాస్తే నేనేం చెయ్యను? సరే, విను. మా షెడ్డుకు మిలిటరీలో చేసి రిటైరైన ఆయన ఒకరు వస్తుంటారు. చలి దేశాల్లో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారట. చలికాలం పోయేసరికి అక్కడి బళ్ళ అడుగులు మీ బండిలాగే తయారవుతాయట. వాళ్ళు ముందు చేసే పని ఏమిటో తెలుసా? కడగడం. రంగు, నూనె అన్నీ తర్వాత. ఉప్పు లోపల ఉండగా పైన పూత వేస్తే దొంగని ఇంట్లో పెట్టి తలుపు వేసుకున్నట్టే.

కాబట్టి లోడు దింపిన ప్రతిసారీ, ఇల్లు చేరగానే, కింద నీళ్ళు కొట్టి కడగాలి. ఛాసిస్ లోపలి మడతల్లో, స్ప్రింగు కమాన్ కట్టల సందుల్లో, బ్రేకు పైపుల వెనక ఎక్కడెక్కడ చెయ్యి పోదో అక్కడే ఉప్పు కూర్చుంటుంది. అక్కడికి బ్రష్ పోవాలి. వారం రోజులు అలా కడిగి, ఒకరోజు ఎండలో పెట్టి, వైర్ బ్రష్‌తో ఇనుము తెల్లగా కనిపించేదాకా గీకి, రెడ్ ఆక్సైడ్ వెయ్యండి. అది ఆరాక తారు పూత. కమాన్లకు మాత్రం తారు వద్దు, పాత ఇంజనాయిలు రాయండి. ఇకనుంచీ లోడు ఎత్తేముందు తొట్టిలో టార్పాలిన్ పరవాలి. పూత వేశాక కూడా కడగడం మానకూడదు.

ఇంకో మాట. డ్రైవర్లకు స్టీరింగు పట్టుకోవడం ఇష్టం, బ్రష్ పట్టుకోవడం కష్టం. దగ్గరుండి చూసుకో.

వదిన నిన్ను అడిగానంది. బావగారిని ఇక్కడికి తీసుకొచ్చి కళ్ళు చూపించమంటోంది.

అన్నయ్య
జకర్యా


కొఠార్లపాలెం,
20 ఆగస్టు 1986

అన్నయ్యకు వందనాలు.

నువ్వు చెప్పినవన్నీ చేశాం. ఒక్కటీ వదల్లేదు. టార్పాలిన్ పరిచాం. యెషయా గుంటూరు నుంచి రాగానే అన్నమైనా తినకుండా బండి కింద దూరేవాడు. బోరు దగ్గర పైపు పెట్టి, వీపు కింద గోనెసంచి వేసుకుని, పూటంతా కడిగేవాడు. బయటికి వచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉండేవి. ఎండబెట్టాం, గీకాం, రెడ్ ఆక్సైడ్ వేశాం, తారు వేశాం. నల్లగా నిగనిగలాడుతుంటే మీ బావ చేత్తో తడిమి, "కొత్త బండిలా ఉందే" అని మురిసిపోయారు.

అన్నయ్యా, మూడు వారాలు కాలేదు. తారు బుడగలు లేచింది. ఒక బుడగ గిల్లితే అరచెయ్యంత పెచ్చు ఊడి వచ్చింది. దాని కింద ఎర్రటి తడి. పోయినసారి కంటే ఎక్కువ. ఏమిటిది? తారు మంచిది కాదా? రెడ్ ఆక్సైడ్ నాసిరకమా? నవంబరు ఎంతో దూరం లేదు. నాకు అన్నం సహించడం లేదు.

ఈ ఆదివారం సంఘంలో మీ బావ ప్రార్థన చేస్తూ లారీ పేరు కూడా ఎత్తారు. అందరూ నవ్వారు, నాకు నవ్వు రాలేదు.

వెంటనే రాయి.

ప్రేమమణి


రాంగోపాల్‌పేట్,
27 ఆగస్టు 1986

ప్రేమమణికి,

తారు మంచిదే, రెడ్ ఆక్సైడూ మంచిదే. మంచిది కానిది కడిగిన చెయ్యి.

నేను కోపంగానే రాస్తున్నాను, కోపంగానే చదువు. పూత కింద ఎర్రటి తడి వచ్చిందంటే ఇనుము మీద ఉప్పు ఉండగానే పూత పడిందని అర్థం. ఇందులో రెండో మాట లేదు. మీ యెషయా నిన్ను మోసం చేస్తున్నాడు. బకెట్టు నీళ్ళు అటొకటి ఇటొకటి చల్లి, బండి కింద గోనెసంచి మీద చల్లగా నిద్రపోయి, కళ్ళు ఎర్రగా చేసుకుని లేచి వస్తున్నాడు. ఇలాంటి డ్రైవర్లను నేను వందమందిని చూశాను. మా షెడ్డులో వెల్డింగు చేసే జీవరాజును అడిగితే వాడూ అదే అన్నాడు: "గంతే ఉస్తాద్. కడిగిన అంటరు, కడగరు."

సొంత మరిది కదా అని మొహమాటపడితే బండి పోతుంది. మొహం మీద అడుగు. అడిగి, మళ్ళీ మొదటి నుంచీ చేయించు. ఈసారి ఒకటికి రెండుసార్లు కడిగించు. నువ్వు స్టూలు వేసుకుని పక్కనే కూర్చో.

నాకు ఇక్కడ మూడు ఇంజన్లు విప్పి ఉన్నాయి. చెప్పిందే చెప్పడానికి తీరిక లేదు.

జకర్యా


కొఠార్లపాలెం,
10 సెప్టెంబరు 1986

అన్నయ్యకు,

నీ ఉత్తరం రెండో తారీఖున వచ్చింది. ఆ రోజు జరిగింది చెబుతాను.

మీ బావకు చూపు తగ్గినప్పటి నుంచీ మా ఇంట్లో ఏ ఉత్తరం వచ్చినా అరుగు మీద కూర్చుని గట్టిగా చదువుతాను. ఆయనకు అదొక్కటే కాలక్షేపం. పక్కింటి మేబెల్ అత్తమ్మ, ఎదురింటివాళ్ళు కూడా వచ్చి కూర్చుంటారు. నీ ఉత్తరాలంటే వాళ్ళకు మరీ ఇష్టం, నువ్వు తిట్టే తిట్లు బాగుంటాయని. ఆ రోజూ అలాగే కూర్చున్నారు. యెషయా మెట్టు మీద కూర్చుని అన్నం తింటున్నాడు. కవరు చించి నేను నీ ధోరణిలోనే, నీ గొంతుతోనే మొదలుపెట్టాను. ఏముందో తెలిసేసరికి నోట్లోంచి మాట బయటికి వచ్చేసింది. "మోసం చేస్తున్నాడు" దగ్గర ఆగాను. మీ బావ, "ఆపావేం, చదువు" అన్నారు. చదివాను. నిద్రపోతున్నాడన్నది కూడా చదివాను.

యెషయా కంచంలో చెయ్యి కడుక్కున్నాడు. "నేను నీళ్ళు చల్లి పడుకున్నానా వదినా? నువ్వు చెప్పు" అన్నాడు.

నేను వెంటనే లేదని అనాల్సింది. అనలేదు. ఆ క్షణంలో నాకూ అనుమానం వచ్చింది అన్నయ్యా. నువ్వు అంత గట్టిగా రాస్తే తప్పై ఉండదనుకున్నాను. బండి కింద అతనేం చేస్తున్నాడో నేను వంగి చూసిందెప్పుడు? నేను మాట్లాడకపోవడం అందరూ చూశారు. అతను లారీ తాళం కిటికీలో పెట్టి వెళ్ళిపోయాడు. ఇప్పుడు ఒంగోలులో ఎవరిదో పొగాకు లారీ నడుపుతున్నాడట. ఆదివారాలకు మాత్రం ఊరొస్తున్నాడు.

మొన్న మొదటి ఆదివారం ప్రభువు బల్ల సంస్కారం ఇచ్చేముందు పాస్టరుగారు ఎప్పటిలాగే, "ఎవరి మీదైనా మనసులో ఏదైనా ఉంటే ముందు సమాధానపడి రండి" అన్నారు. యెషయా లేచి బయటికి వెళ్ళిపోయాడు. నేను లోపలే కూర్చున్నాను కానీ రొట్టె తీసుకోవడానికి లేవలేకపోయాను. పదకొండేళ్ళలో ఇదే మొదటిసారి.

ధర్మరాజు అనే డ్రైవర్ని రెండు నెలలకు మాట్లాడాను. సికింద్రాబాదుకే లోడు దొరికింది. బండి నీ దగ్గరికే పంపుతున్నాను. మేం చేస్తే తప్పు కదా, నువ్వే చెయ్యి.

ప్రేమమణి


రాంగోపాల్‌పేట్,
28 సెప్టెంబరు 1986

ప్రేమమణీ,

ఇది అరుగు మీద చదవకు. ముందు నువ్వొక్కదానివే చదువు.

బండి పదహారున వచ్చింది. ధర్మరాజు దిగీ దిగకముందే నేను కిందికి దూరాను, మీ యెషయా బద్ధకాన్ని కళ్ళారా చూద్దామని. టార్చి వేసి చూశాను. కమాన్ కట్టల సందుల్లో బ్రష్ గీతలున్నాయి. బ్రేకు పైపుల వెనక, రెండు వేళ్ళు కూడా దూరని చోట, గుడ్డ చుట్టిన పుల్లతో తుడిచిన జాడ ఉంది. నా షెడ్డులో జీతానికి చేసేవాళ్ళెవరూ అంత లోపలికి పోరు. మరి తుప్పు? అది ఆ గీతల్లోనే ఉంది. కడిగిన చోటే ఎక్కువగా ఉంది. గంటసేపు ఆ ఇనుముతో పోట్లాడాను.

అప్పుడు జీవరాజు బండి ముందు వైపు నుంచి పిలిచాడు. "ఉస్తాద్, జెర ఇటు రా. గీ రేడియేటర్ సుత పోయింది. కింద ఉప్పు కారిందంటే ఒప్పుకుంట. రేడియేటర్ల ఉప్పు ఎవడు పోసిండు?"

మూత చుట్టూ తెల్లగా పేరుకుని ఉంది. బండిలో రేడియేటరు కోసం తెచ్చుకునే నీళ్ళ డ్రమ్ము ఉంటుంది కదా, దాంట్లోంచి దోసెడు తీసి నోట్లో పోసుకున్నాను. ఉమ్మేశాను.

ధర్మరాజు నన్ను వింతగా చూశాడు. "మా కాడ బోరునీళ్ళు ఇంతేనండీ. తాగేదానికి పనికిరావు. బళ్ళకీ గొడ్లకీ ఇవే. తాగే నీళ్ళు రెండు మైళ్ళ అవతల నుంచి కావిడి మీద తెచ్చుకుంటాం" అన్నాడు. రోజూ పొద్దున సూర్యుడు వస్తాడని చెప్పినంత మామూలుగా చెప్పాడు.

అంటే నేను జూలై నుంచీ "కడుగు, కడుగు, రెండుసార్లు కడుగు" అని రాసి రాసి ఆ బండికి ఉప్పునీళ్ళతో స్నానాలు చేయించాను. అతను ఎంత శ్రద్ధగా కడిగితే అంత ఉప్పు లోపలికి పోయింది. బద్ధకస్తుడై ఉంటే బండి ఇంకొంచెం బాగుండేది. మిలిటరీ ఆయన చెప్పిన చలి దేశాల సంగతి నాకు తెలిసింది కానీ, నా చెల్లెలి ఊళ్ళో నీళ్ళ సంగతి నాకు తెలియలేదు. నువ్వైనా ఒక్క ముక్క రాయొచ్చు కదా! మూడు ఉత్తరాలు రాశావు, బోరని రాశావు, పైపని రాశావు. ఉప్పునీళ్ళని ఎందుకు రాయలేదు?

సరే, చేసిన పని చెబుతాను. మూడు రోజులు కుళాయి నీళ్ళతో కడిగాను. ఇక్కడ నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి. ఇంట్లో పట్టినవి కూడా షెడ్డుకు మోయించానని మీ వదిన ఇప్పటికీ నాతో మాట్లాడటం లేదు. పూత మొత్తం లేపేసి, పోయిన చోట్ల కోసి, జీవరాజు చేత కొత్త ప్లేట్లు వెల్డింగు చేయించాను. రెడ్ ఆక్సైడ్, దాని మీద రెండు పూతలు డాంబరు. రేడియేటరు బాగు చేయించాను. నవంబరులో ఏ సుత్తితో కొట్టినా తట్టుకుంటుంది, ఆ పూచీ నాది.

ఇక మీదట ఇంటి దగ్గర కడగొద్దు. గుంటూరు నుంచి వచ్చే దారిలో కాలవ ఉందని ధర్మరాజు చెప్పాడు. కాలవ నీళ్ళు తియ్యనివే. అక్కడ ఆపి, కిందంతా కడుక్కుని, అప్పుడు ఊళ్ళోకి రావాలి.

ఈ కవర్లోనే యెషయాకు వేరే కాగితం పెట్టాను, అంటించి. అతని చేతికే ఇవ్వు. తప్పు నాదని రాశాను. ఆ మాట నేను కాగితం మీద రాయడం ఇదే మొదలు.

అన్నయ్య


కొఠార్లపాలెం,
24 నవంబరు 1986

అన్నయ్యకు,

కోపం తగ్గాక రాద్దామని రెండు నెలలు ఆగాను. తగ్గలేదు. అందుకని ఇక రాసేస్తున్నాను.

ఎందుకు రాయలేదని అడుగుతావా? పెళ్ళయిన కొత్తలో ఈ నీళ్ళలో సబ్బు నురగ రాక, జుట్టు అట్టకట్టి, వారం రోజులు ఏడ్చాను. మన బన్సీలాల్‌పేటలో కుళాయి కింద పెరిగినదాన్ని. అమ్మకు రాశాను. ఆ ఉత్తరం ఇంట్లో అందరూ చదివారని అమ్మ రాసింది. నువ్వు చదివావో లేదో నాకు తెలియదు. పెళ్ళికి వచ్చి రెండు పూటలున్నావు, పెళ్ళికని బండి కట్టి తెచ్చిన నీళ్ళు తాగి వెళ్ళావు. తర్వాత ఒక్కసారి రాలేదు. ఇక్కడ నీళ్ళు ఉప్పగా ఉంటాయని ఎవరూ ఎవరితోనూ అనుకోరు అన్నయ్యా. పదకొండేళ్ళకు నాకూ అవి మామూలు నీళ్ళే అయిపోయాయి. నాకు తట్టలేదు, అది నా తప్పే. కానీ బండిని చూడకుండా, మనిషిని చూడకుండా, రెండు వందల మైళ్ళ అవతల కూర్చుని దొంగ అని రాయడం నీ తప్పు. అది విని నోరు మెదపకపోవడం మళ్ళీ నా తప్పు.

ముందు మంచి మాట చెబుతాను. పద్దెనిమిదిన ఒంగోలులో ఫిట్‌నెస్ అయింది. ఇన్‌స్పెక్టరు నాలుగుచోట్ల కొట్టాడు, నాలుగుచోట్లా ఖంగుమంది. "ఎవరు చేశారమ్మా?" అని అడిగాడు. మా అన్నయ్య అని గర్వంగానే చెప్పాను. కోపం కోపమే, అది వేరు.

ఇక రెండో మాట. ధర్మరాజు గడువు అయిపోయింది, వాళ్ళ ఊరు వెళ్ళిపోయాడు. ఫిట్‌నెస్ కాగితం పెట్టుకుని బండి వారం నుంచి గుమ్మం ముందు నిలబడి ఉంది. వేరే డ్రైవర్ని పెట్టమని అందరూ అంటున్నారు. ఎవరిని పెడితే కాలవ దగ్గర ఆపి కింద దూరి కడుగుతాడు? నువ్వు చేసిన పని ఆరు నెలల్లో మళ్ళీ మొదటికొస్తుంది. యెషయా పెళ్ళాం లీలాకుమారి పొద్దున ఇటుగా నీళ్ళకు పోతూ బండిని చూస్తుంది, నన్ను చూడదు.

నీ కాగితం అతనికి ఇచ్చాను. అక్టోబరు మొదటి ఆదివారమే, చర్చి బయట. తీసుకోలేదు. "ఏంది వదినా ఇది?" అన్నాడు. మా అన్నయ్య తప్పు ఒప్పుకున్నాడు, చదువుకో అన్నాను. అతను నవ్వాడు అన్నయ్యా. ఆ నవ్వు నేను మర్చిపోలేను.

"నన్ను దొంగన్న ఉత్తరం అరుగు మీద, అంతమంది ముందర, గట్టిగా చదివావు. ఇదేమో మడతపెట్టి, అంటించి, చేతిలో పెడతావా? ఆ రోజు విన్నోళ్ళు ఇది వినొద్దా?" అన్నాడు.

నిన్న మళ్ళీ కనిపిస్తే అడిగాను, పోనీ అరుగు మీద అందరి ముందూ నేనే చదువుతాను రమ్మని. "నువ్వెందుకు చదవాలి? రాసింది నువ్వా?" అన్నాడు.

కాగితం విప్పకుండా బైబిల్లో పెట్టాను. ఏం చెయ్యమంటావు? ఈసారి ఆలోచించి రాయి.

ప్రేమమణి


రాంగోపాల్‌పేట్,
30 నవంబరు 1986

ప్రేమమణీ,

నీ ఉత్తరం మీ వదినకు చదివి వినిపించాను. గట్టిగానే. విని, రెండు నెలల తర్వాత నాతో మొదటిసారి మాట్లాడింది. "వెళ్ళండి" అంది. అంతే.

అమ్మకు నువ్వు రాసిన ఆ ఉత్తరం నేను చదివాను. కొత్త పెళ్ళికూతుళ్ళందరూ ఏడుస్తారులే అనుకుని మడిచి పెట్టాను. ఇది ఎవరికీ చెప్పలేదు, నీకు చెబుతున్నాను.

నిజం చెప్పాలంటే మొదట నాకు ఒళ్ళు మండింది. ఏభై రెండేళ్ళవాణ్ణి. ఈ పేటలో బండి ఉన్న ప్రతివాడూ ఉస్తాద్ అని పిలుస్తాడు. నా తెలివితక్కువతనాన్ని మీ వీధి మొత్తానికి చదివి వినిపించాలా అని నిన్నంతా స్పానర్లు విసిరేశాను. జీవరాజు ఏరి తెచ్చి బల్ల మీద పెట్టాడు. "ఉస్తాద్, ఆయన అడిగిండని పరేషాన్ ఎందుకు? గల్లీల తిట్టినవ్, గల్లీలనే చెప్పు" అన్నాడు. వాడికి నేను జీతమిస్తాను, అయినా అంత సులువుగా అనేశాడు.

శుక్రవారం రైలెక్కుతున్నాను. శనివారం చీరాలలో దిగి బస్సు పట్టుకుంటాను. ఆ సాయంత్రం అరుగు మీదికి అందరినీ పిలువు. మేబెల్ అత్తమ్మను, ఎదురింటివాళ్ళను, ఆ రోజు ఎవరెవరు విన్నారో వాళ్ళందర్నీ. లీలాకుమారిని తప్పకుండా. యెషయాకు నేను వస్తున్నానని ముందే చెప్పు, చాటుగా పట్టుకున్నట్టు ఉండకూడదు. ఆ కాగితం నేనే విప్పి నేనే చదువుతాను. అందులో ఉన్నది తక్కువైతే నోటితో చెబుతాను. మరునాడు మొదటి ఆదివారం. నువ్వు రొట్టె తీసుకోవాలి.

ఒక్క సంగతి మాత్రం నాకు తోచడం లేదు. ఇంతా చదివాక అతను ఆ తాళం ముట్టుకోకపోతే ఏం చెయ్యాలి? లారీ అయితే కింద దూరి, ఎక్కడ పోయిందో చూసి, కోసి, అతుకు వేసేవాణ్ణి. పాతికేళ్ళుగా అదొక్కటే నేర్చుకున్నాను తల్లీ. మనిషికి ఏం చెయ్యాలో నాకు తెలియదు. తెలియకుండానే వస్తున్నాను.

అన్నయ్య
జకర్యా